గోస్తనికి ఎదురు

భీమిలిలో తెల్లారగట్ల అయిదింటికి సముద్రం కనిపించదు, హోరు మాత్రం వినిపిస్తుంది. లాడ్జి సందులో గోడ పొడుగునా సైకిళ్ళు ఆనించి ఉన్నాయి. నుదుటికి కట్టుకున్న లైట్ల వెలుగులో ఒకరు టైరు నొక్కి చూసుకుంటున్నారు, ఒకరు చైనుకు నూనె చుక్కలు వేస్తున్నారు, ఇంకొకరు రాత్రి ఉతికి ఆరేసినా ఆరని మేజోళ్ళను తిట్టుకుంటూ తొడుక్కుంటున్నారు. డిసెంబరు మొదటి వారం. తీరం కాబట్టి చలి అంతగా లేదు గాని, సీటు మీద చెయ్యి పెడితే మంచు తడి అంటుతోంది.

మనం పదహారు మందిమి. సగం విశాఖ వాళ్ళే. హైదరాబాదు నుంచి ఇద్దరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు, విజయవాడ నుంచి ఒక పిల్లల డాక్టరు, ఆవిడ తమ్ముడు, రాజమండ్రి నుంచి బట్టల కొట్టు ఆయన ఒకరు. ముందుండి నడిపించేది ఉక్కు ఫ్యాక్టరీలో చేసి రిటైరైన పెద్దాయన, అందరికీ మాస్టారే. నిన్న శ్రీకాకుళం వైపు నుంచి తీరం వెంబడి వచ్చాం. రేపు పాడేరు పోవాలి. ఇవాళ్టి పని భీమిలి నుంచి అరకు. నూట పది కిలోమీటర్ల పైమాట, రెండో సగం కొండ.

“పందెం కాదు,” అంటున్నారు మాస్టారు. “ముందెళ్ళినోడికి బహుమతి లేదు, వెనకబడ్డోడికి శిక్ష లేదు. గొయ్యి కనిపిస్తే చెయ్యి చూపించండి, వెనక లారీ వస్తే కేకెయ్యండి. ఎస్.కోట దాకా అంతా ఒకటే వరస. అక్కణ్ణుంచి ఎవరి కొండ వాళ్ళది.”

పెందుర్తి మీదుగా అరకుకు మంచి రోడ్డు ఉండగా ఈ పల్లెదారులెందుకని హైదరాబాదు కుర్రాళ్ళు రాత్రే అడిగారు. మాస్టారు మ్యాపు మీద వేలితో ఒక నీలిగీత చూపించారు. గోస్తని. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి దూరి, తాటిపూడి రిజర్వాయర్లో కాసేపు ఆగి, జామి, పద్మనాభం పక్కనుంచి వచ్చి ఇక్కడ, భీమిలి దగ్గర, సముద్రంలో కలుస్తుంది. గోదావరి వాళ్ళు చూస్తే కాలవంటారు. ఇవాళ దానికి ఎదురు పోతున్నాం. “కారులో పోతే ఏరు ఎటు పారుతోందో తెలీదు, బాబూ. సైకిలు మీద మోకాలు చెబుతుంది.”

ఏటి మొగ దగ్గర ఒక్క నిమిషం ఆగాం. చీకట్లో ఇసుక మేట తెల్లగా కనిపిస్తోంది, దాని అవతల అలల నురగ. పడవల దగ్గర బ్యాటరీ లైట్లు కదులుతున్నాయి, ఎవరో వల లాగుతూ ఎవర్నో కసురుకుంటున్నారు. డాక్టరమ్మ ముందు చక్రం నీళ్ళలో తడపబోయింది. “ఉప్పునీళ్ళమ్మా, చైనుకి తగలనీయకు,” అన్నారు మాస్టారు. ఆయన తన సైకిలుని నీటి దరిదాపులకు కూడా రానివ్వలేదు.

ఊళ్ళోంచి బయటపడేటప్పుడు భీమిలి మనకు ముక్కలు ముక్కలుగానే దొరుకుతుంది. లైటు పడిన మేరకు గడియారస్తంభం, డచ్చి వాళ్ళ సమాధుల ప్రహరీ, మూసిన కొట్ల తలుపులు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరిది. కానీ ఈ వేళప్పుడు ఊరికి యజమానులు కుక్కలు. ఒకటి మొరిగితే సందు సందుకీ అందుకుంటాయి. కుక్క తరిమితే వేగం పెంచకూడదు. తొక్కడం ఆపి, గొంతు పెంచి, “ఛీ, పో” అంటే చాలాసార్లు పనవుతుంది. చాలాసార్లు.

తగరపువలస చేరేసరికి తూర్పు తెల్లబడింది. మూతపడిన చిట్టివలస జూట్ మిల్లు గోడ పక్కనుంచి, కూరగాయల బళ్ళ మధ్యనుంచి, పెద్ద హైవే దాటి పద్మనాభం దారి పట్టాం. అక్కడితో లారీల గోల తెగింది. ఒక్కసారిగా మన చప్పుడు మనకే వినిపిస్తోంది. తొక్కినంతసేపూ చైను సన్నగా గీరుతుంది, తొక్కడం ఆపితే వెనక చక్రం ఇరుసులోంచి టకటకమని పళ్ళు కొరికిన చప్పుడొస్తుంది. పదహారు సైకిళ్ళు ఒక్కసారి తొక్కడం ఆపితే ఆ టకటకలన్నీ కలిసిపోయి, పక్క చేలోంచి కొంగలు లేచాయి.

ఇద్దరిద్దరుగా వరస కట్టాం. ముందువాడి వెనక చక్రానికీ మన ముందు చక్రానికీ మధ్య మూరెడు జాగా. గాలిని ముందువాడు చీల్చుకుంటూ పోతుంటే వెనకవాడికి కష్టం పావువంతైనా తగ్గుతుంది. అయిదు నిమిషాలు ముందుండి, మోచెయ్యి ఊపి పక్కకు జరిగి, వరస చివరికి జారుకోవడం. మళ్ళీ వంతు వచ్చేదాకా చూడ్డానికి ఉండేది ఒక్కటే, ముందున్న మనిషి పిక్క. నిన్నంతా చూసి చూసి మనకిప్పుడు అందరి పిక్కలూ గుర్తే. ఆకుపచ్చ నరం తేలింది మాస్టారిది. దోమ కుట్టి గోక్కున్న మచ్చ డాక్టరమ్మ తమ్ముడిది. కండ ఎగిరెగిరి పడుతున్నవి హైదరాబాదు కుర్రాళ్ళవి, పెద్ద గేరు వేసుకుని అదిమి అదిమి తొక్కుతున్నారు. మాస్టారు ఒకసారి చూసి ఊరుకున్నారు. ముందు ఘాట్ ఉంది కదా, అది చెబుతుందిలే అన్నట్టు.

ముందున్నవాళ్ళ ఎడమ చెయ్యి నడుం వెనక్కి వచ్చి కిందికి వేలు చూపిస్తుంది, గొయ్యి. ఆ సైగ ఒకరి నుంచి ఒకరికి వెనక్కి పాకుతుంది. అరచెయ్యి పరిచి ఆడిస్తే గులకరాళ్ళు. పిడికిలి ఎత్తితే ఆగడం. మాట అక్కర్లేని భాష ఒక్క రోజులో వచ్చేస్తుంది. నిన్న పొద్దున ఒకరి పేరు ఒకరికి తెలీదు.

ఇటు పక్కనే పాండ్రంగి. 1897లో అల్లూరి సీతారామరాజు పుట్టింది అక్కడే, తాతగారింట్లో. గోస్తని ఒడ్డు పల్లె. దారిలో ఒక టీ కొట్టు దగ్గర ఆ మాట వచ్చింది. కొట్టాయన మనల్ని అడక్కుండానే చెప్పాడు, వచ్చే పోయే వాళ్ళందరికీ చెబుతున్నట్టుంది. చెబుతూనే మన సైకిలు ఎత్తి చూశాడు. ఒక చేత్తో లేచేసరికి మొహం మారింది.

“ఏటి బావూ, ఇంత తేలిగ్గుంది! ఎంతేటి?”

రేటు చెప్పకూడదని గుంపులో ఒక నియమం. రాజమండ్రి ఆయన మర్చిపోయి చెప్పేశాడు.

“మోటారు సైకిలొచ్చేస్తాది గదా దానికి!” అని, కాసేపు ఆలోచించి, “పందెమా? గెలిస్తే ఏటిత్తారు?”

“పందెం కాదండీ, ఊరికే. అరకు వెళ్తున్నాం.”

“అరుకా? ఇలాగా? బస్సులు నేవేటి?” మన వైపు జాలిగా చూసి, టీలో ఇంకో చెంచా పంచదార వేశాడు. ఆ రోజంతటికీ అదే మొదటి సాయం.

పద్మనాభం కొండ దూరం నుంచే కనిపిస్తుంది. పైన అనంతపద్మనాభస్వామి గుడి, కిందనుంచి పైదాకా మెట్లు. 1794 జూలైలో ఈ కొండ దగ్గరే విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి చనిపోయాడు. పేష్కష్, అంటే కప్పం, బాకీల మీద మొదలైన తగాదా అది. ఇప్పుడు ఆ నేల మీద కోతలైపోయిన వరి దుబ్బులు, కుప్పలు, కుప్పల మీద వాలి లేస్తున్న పిచుకలు. యుద్ధం జరిగిన చోటని బోర్డు చదివితే తప్ప తెలియదు. సైకిలు మీదైతే ఒక సంగతి తెలుస్తుంది. ఇక్కడిదాకా నేల బల్లపరుపు, కొండ ఒక్కటే ఉన్నట్టుండి లేచింది. రాజు ఈ చోటే ఎందుకు ఎంచుకున్నాడో అనే ఆలోచన పిక్కల్లోంచే పుడుతుంది.

పద్మనాభం దాటాక దారి సన్నబడింది. ఒక మలుపులో రోడ్డు మధ్యన ఎండుగడ్డి మోపు కదిలిపోతోంది. దగ్గరికెళ్తే దాని కింద పాత సైకిలు, సైకిలు మీద పెద్దాయన. మోపు వెడల్పు రోడ్డంత ఉంది, పక్కనుంచి దారి లేదు. గంట కొట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. గడ్డి వాసన పీల్చుకుంటూ పదహారు మందీ ఆయన వెనకాలే, ఆయన వేగంతోనే ఊరి దాకా వెళ్ళాం. కల్లం దగ్గర దిగి వెనక్కి చూసి ఉలిక్కిపడ్డాడు, ఇంతమంది తన వెనక ఎప్పట్నుంచీ ఉన్నారో తెలీక. హెల్మెట్లు చూసి, ఏ ఆఫీసువాళ్ళో అనుకున్నాడేమో, తలపాగా విప్పబోయాడు. మాస్టారు గబగబా దణ్ణం పెట్టేశారు.

ఇంకో ఊరి చివర తారురోడ్డు మీద చోడి (రాగి) వెన్నులు పరిచి ఉన్నాయి. బళ్ళు తొక్కితే గింజ రాలుతుందని ఎండలో ఇలా పరుస్తారు. మనం పక్క మట్టిలోకి దించి పోతుంటే గట్టు మీద కూర్చున్న ముసలమ్మ కేకేసింది.

“మీద నుంచి పొండర్రా! అందుకే గదా ఏసింది!”

సరే అని రోడ్డెక్కి వెన్నుల మీదుగా తొక్కాం. ఆవిడ మన టైర్ల వంక చూసి నోరు నొక్కుకుంది. “ఈ సన్న సక్రాలకి ఏటి రాల్తాది, నా బొంద.”

మట్టిలోకి దించిన ఆ కాసేపట్లోనే పని జరిగిపోయింది. డాక్టరమ్మ వెనక చక్రం బుస్సుమంది. పిడికిళ్ళు లేచాయి, అందరం ఆగాం. చక్రం ఊడదీసి, రెండు ప్లాస్టిక్ లీవర్లతో టైరు అంచు రిమ్ము మీదనుంచి తప్పించి, ట్యూబు బయటికి లాగింది. కొత్త ట్యూబు చేతిలోనే ఉంది గాని తొందరపడలేదు. టైరు లోపల వేలి కొస మెల్లగా జరుపుతూ పోయింది, సూది దారం ఎక్కించేటంత నిదానంగా. ముల్లు లోపలే ఉండిపోతే కొత్త ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది. ఒకచోట వేలు ఆగింది. పల్లేరుకాయ. దాన్ని ఎలా విసిరినా ఒక ముల్లు పైకే నిలబడుతుంది, దాని కట్టడి అలాంటిది. ముల్లు విరిగి, ఆవగింజంత ముక్క రబ్బరులో దిగబడి ఉంది. గోటితో రాలేదు, సంచిలోంచి పట్టకారు తీసింది. “పిల్లల కాళ్ళల్లోంచి తీసేది దీంతోనే,” అంది తల ఎత్తకుండా.

పంపు కొట్టేలోగా ముసలమ్మ లోపలికెళ్ళి సత్తు గిన్నె, గ్లాసు తెచ్చింది. చోడంబలి. మజ్జిగ కలిపి, ఉప్పేసి, పైన ఉల్లిముక్క. పుల్లగా, చల్లగా, గరగరలాడుతూ గొంతు దిగింది. సాఫ్ట్‌వేర్ కుర్రాడు జేబులోంచి విదేశీ ఎనర్జీ జెల్ పొట్లం తీసి చూసుకుని మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. ఇంకో గ్లాసు అడిగాడు.

జామి దగ్గర మళ్ళీ గోస్తని. డిసెంబరు కాబట్టి నీళ్ళు ఒక పక్కకి ఒదిగి పారుతున్నాయి, మిగతా అంతా ఇసుక, రెల్లు. ఈ ఏటి నీళ్ళనే పైన తాటిపూడి దగ్గర ఆపి కొంత పొలాలకీ, కొంత విశాఖపట్నం కుళాయిలకీ పంపుతున్నారు. విశాఖ వాళ్ళు ఇంట్లో తాగే నీళ్ళు ఇవేనని ఎవరో అంటే, వరసలో సగంమంది తలలు ఒకేసారి ఏటి వైపు తిరిగాయి.

ఎస్.కోటలో పదింటికి టిఫిను. శృంగవరపుకోట అని బోర్డు మీద ఉంటుంది, నోటితో ఎవరూ అనరు. బస్టాండు దగ్గర హోటల్లో ఇడ్లీలు, పెసరట్లు, ఉప్మా, మళ్ళీ ఇడ్లీలు. ప్లేటు ఖాళీ అయ్యాక ఆకలి తీరిందనిపించదు, ఇంకా ఎక్కడో అడుగు ఉన్నట్టే ఉంటుంది. మాస్టారు ఇక్కడ గట్టిగా ఉన్నారు. “ఇంకో రెండు తినండి. కొండ మీద ఆకలేస్తే తినడానికి టైముండదు, తినబుద్దీ కాదు.” వెంట వచ్చే వ్యానులో అరటిపళ్ళు, పల్లీ చెక్కీలు, ఓఆర్ఎస్ పొట్లాలు, నీళ్ళ డబ్బాలు. సీసాలు నింపుకున్నాం.

బొడ్డవర, శివలింగపురం. ఇక్కడ వరి చేలు తగ్గి మామిడి, జీడి తోటలు వచ్చాయి. కొండలు ఇప్పటిదాకా పటంలో బొమ్మలా దూరంగా ఉన్నవి, ఇప్పుడు తల ఎత్తితే గాని కొసలు కనపడనంత దగ్గరికొచ్చాయి. ఒక చోట అల్లూరి సీతారామరాజు జిల్లాకు స్వాగతం. 2022 ఏప్రిల్లో ఏర్పడిన జిల్లా. పొద్దున ఆయన పుట్టిన ఊరి పక్కనుంచి వచ్చాం, మధ్యాహ్నం కాకుండానే ఆయన పేరున్న నేల మీదికి. ఆయన పోరాడింది మాత్రం ఈ కొండల్లో కాదు. 1922లో ఆయుధాల కోసం పోలీసు స్టేషన్ల మీద పడింది అటు చింతపల్లి, కృష్ణదేవిపేట వైపు. మన తోవ కూడా రేపటి తర్వాత అటే.

కాశీపట్నం దాటాక రోడ్డు కొండకు ఆనుకుంది. వరస దానంతటదే విడిపోయింది. ఎవరూ ఎవరినీ వదిలేయలేదు, గాలి వదిలేసింది. గంటకు ఇరవై అయిదు కిలోమీటర్లు పోతున్నప్పుడు ముందువాడి చాటు పనికొస్తుంది, ఎనిమిదికి పడిపోయాక చాటున ఉన్నా లేకపోయినా ఒకటే. ఇప్పుడు ప్రతివాడికీ తన బరువే శత్రువు.

గేరు చిట్టచివరిదానికి వచ్చేసింది. ఇక కిందికి గేర్లు లేవు. తొక్కు ఒకసారి తిప్పితే చక్రం ఒకసారి తిరుగుతుంది, రెండు మీటర్లకు కాస్త ఎక్కువ ముందుకెళ్తుంది. కిలోమీటరుకు దగ్గర దగ్గర అయిదు వందల తిప్పులు. హ్యాండిల్ మీద చిన్న మీటరు వాలు ఆరు శాతం అంటుంది, ఏడంటుంది, మలుపు లోపలి అంచుకి వెళ్తే ఒక్కసారి పదికి ఎగురుతుంది. అందుకే ఎదురు బళ్ళు లేనప్పుడు మలుపులో బయటి అంచు పట్టాలి. దూరం ఎక్కువే, వాలు తక్కువ. మాస్టారు ఆ గీత మీదే పోతున్నారు, సీట్లోంచి లేవకుండా, భుజాలు కదలకుండా. ముందు అదిమి తొక్కిన హైదరాబాదు కుర్రాడు ఇప్పుడు నిలబడి తొక్కుతున్నాడు, సైకిలు అటూ ఇటూ ఊగుతోంది. మాస్టారు పక్కనుంచి దాటిపోతూ ఒకే ఒక్క మాటన్నారు. “మాట్లాడగలిగేటంత వేగంలోనే తొక్కు, నాన్నా.”

కుర్రాడు జవాబివ్వలేదు. ఇవ్వలేకపోయాడు.

మనిషి, సైకిలు, నీళ్ళు కలిపి ఎనభై అయిదు కిలోలు అనుకుందాం. దాన్ని వెయ్యి మీటర్లు పైకి మోయడానికి కావలసింది లెక్కకు రెండు వందల కిలో కేలరీలు. రెండు అరటిపళ్ళకు కాస్త ఎటూ ఇటూ. కానీ ఒళ్ళు అంత పొదుపరి కాదు. తిన్నదాంట్లో పావువంతే పనికి వెళ్తుంది, మిగతా ముప్పాతికా వేడై పోతుంది. ఆ వేడే ఇప్పుడు కనుబొమల మీదనుంచి కారి, ముక్కు కొసన ఆగి, పై గొట్టం మీద పడుతోంది. పడిన చుక్క అక్కడే ఎండి తెల్లటి ఉప్పు మరక అవుతోంది. దాని పక్కన ఇంకోటి.

రోడ్డు మీద బళ్ళు తక్కువేం కాదు. అరకు ట్రిప్పుకు పోయే కార్లు, ఆర్టీసీ బస్సులు, కుర్రాళ్ళ బైకులు. 516ఈ నంబరు జాతీయ రహదారి ఇది. అక్కడక్కడా మట్టి తవ్వి ఉంది, ఎర్రదుమ్ము పళ్ళల్లో కరకరలాడుతోంది. కారు కిటికీల్లోంచి బొటనవేళ్ళు, ఫోన్లు. ఒక బస్సులోంచి ఒకాయన తల బయటికి పెట్టి “బేగి తొక్కండి!” అని కేకేశాడు. ఇష్టంతోనే అన్నాడులెండి, మనకి కోప్పడే ఓపిక కూడా లేదు.

టైడా దగ్గర బొంగు చికెన్ పొగ. వెదురు బొంగులు నిప్పుల మీద వరసగా వాల్చి ఉన్నాయి, నోట్లో ఆకులు కుక్కి. నూనె చుక్క లేకుండా మసాలా కోడిమాంసం తన ఆవిరిలో తనే ఉడుకుతుంది. వాసన అర కిలోమీటరు ముందే తగిలింది, దాటాక ఇంకో అర కిలోమీటరు వెంటపడింది. కడుపు నిండా తిని ఎక్కితే ఏమవుతుందో మాస్టారు వర్ణించి చెప్పారు కాబట్టి ఆగలేదు. రాజమండ్రి ఆయన ఆగాడు. ఆ సంగతి తర్వాత.

లోయకు అటువైపు నుంచి కూత వినపడింది. చెట్ల సందులో గోధుమరంగు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి ఒక సొరంగంలోంచి వచ్చి, వంతెన దాటి, ఇంకో సొరంగంలో దూరుతున్నాయి. కొత్తవలస–కిరండూల్ లైను. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు దాకా తెచ్చి జపాను ఓడలకెక్కించాలని 1960లలో కట్టారు. అరకు దారిలో యాభై ఎనిమిది సొరంగాలు. రోడ్డులాగా రైలు నిటారుగా ఎక్కలేదు, అందుకే కొండ నడుం చుట్టూ తిరిగి, అడ్డొచ్చిన చోట తొలుచుకుంటూ పోయింది. వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలెట్టాం. కొండ ఎక్కేటప్పుడు లెక్కపెట్టడానికి ఏది దొరికినా వరమే. నలభై దాటాక సొరంగం మింగేసింది.

ఇక్కడినుంచి గోస్తని కనిపించదు. లోయ అడుగున ఎక్కడో ఉంది. బొర్రాకు దారి చీలే చోట ఆగి నీళ్ళు తాగాం. గుహలు చూస్తామని డాక్టరమ్మ తమ్ముడు ఆశపడ్డాడు. కిందికి దిగడం బాగానే ఉంటుంది, మళ్ళీ అంతా ఎక్కి రావాలి అని తెలిశాక నోరు మెదపలేదు. సున్నపురాయిని నీరు తొలిచి తొలిచి చేసిన గుహలవి. పొద్దున చూసిన ఇసుక మేట దగ్గర బద్ధకంగా పడి ఉన్న ఏరూ, కొండని తొలిచిన ఈ ఏరూ ఒకటేనంటే నమ్మబుద్ధి కాదు. వాలు ఉంటే నీటికి అంత బలం. ఆ వాలుకే మన మోకాళ్ళు ఇప్పుడు మూలుగుతున్నాయి.

ఆ చీలికకి కాస్త వెనక, రోడ్డు పక్కన రాజమండ్రి బట్టల కొట్టు ఆయన కూర్చుని ఉన్నాడు. వ్యాను ఆయన దగ్గరే ఆగి ఉంది, గుంపులో చివర తొక్కే మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. బొంగు చికెన్ బాగుందట, అర బొంగు తిన్నాడట. ఇప్పుడు కుడి తొడ నరం పట్టేసింది. డాక్టరమ్మ కాలు చాపించి, పాదం పట్టుకుని మోకాలు మెల్లగా మడిచి, ఉప్పు నీళ్ళ సీసా చేతికిచ్చింది. “వ్యాను ఎక్కుతారా?” అంటే తల అడ్డంగా ఊపాడు. “అరకులో దిగి ఫోటో పెడితే మా ఆవిడ అడుగుద్దండి, ఎక్కావా, ఎక్కించారా అని.” అరగంటకి లేచాడు. చివరి మనిషి ఆయన వెనకాలే, అదే నడక వేగంతో, ఒక్క మాట తొందర పెట్టకుండా బయల్దేరాడు. గుంపులో అందరికన్నా గట్టిగా తొక్కగలిగేది ఈ చివరివాడే. అందుకే ఆ పని అతనికి.

అనంతగిరి దగ్గరికొచ్చేసరికి ఎండ రంగు మారింది. సిల్వర్ ఓక్ చెట్ల కింద నీడ, ఆ నీడలో కాఫీ. చెట్ల మొదళ్ళు కనపడకుండా మిరియాల తీగ అల్లుకుంది. కొమ్మల పొడుగునా కాఫీ పళ్ళు గుత్తులుగా, ఎర్రవి, పచ్చివి కలిసే ఉన్నాయి. అందుకని ఒకేసారి దులపరు, పండినవి చూసి చూసి చేత్తో కోస్తారు. రోడ్డు వారన ఆడవాళ్ళు నడుముకు సంచులు కట్టుకుని అదే పనిలో ఉన్నారు. ఒకామె ఒక పండు నొక్కి చూపించింది. తోలు చీలి, జిగురులోంచి రెండు తెల్లటి గింజలు జారి వచ్చాయి. నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంది, కాఫీ వాసనే లేదు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పారిస్‌లో కొట్టుంది. ఈవిడకి ఇవాళ్టి సంచి బరువెంతన్నదే లెక్క. మనల్ని చూసి పక్కామెతో వాళ్ళ భాషలో ఏదో అంది, ఇద్దరూ పకపకా నవ్వారు. ఏమన్నదో అడగలేదు. ఊహించడం కష్టం కాదు.

గాలికొండ. పేరు పెట్టినవాడు ఒట్టినే పెట్టలేదు. చివరి మలుపు తిరగ్గానే గాలి మొహం మీద కొట్టింది. చెమటకు తడిసిన చొక్కా ఒక్క నిమిషంలో మంచుగడ్డయింది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది, తడి బట్టకి ఆ లెక్క సరిపోదు. వ్యానులోంచి అందరూ గాలికోట్లు లాక్కున్నారు. కింద లోయ మీద లోయ, వాటి మధ్య నీలంగా పొగమంచు. సముద్రం కనిపిస్తుందేమోనని ఒకరు అటు చూస్తున్నారు. కనిపించదు గాని, అటే ఉంది.

మొక్కజొన్న పొత్తులు కాల్చే అమ్మాయి దగ్గర గుంపు మళ్ళీ ఒకచోటికి చేరింది. ఒక్కొక్కరే వస్తున్నారు. వచ్చినవాడికి ఉన్నవాళ్ళంతా చప్పట్లు. హైదరాబాదు కుర్రాళ్ళు వచ్చారు, ఇద్దరూ ఇప్పుడు చిన్న గేర్లోనే. చివరికి బట్టల కొట్టు ఆయన వచ్చాడు. చప్పట్లకు చెయ్యెత్తబోయి, సైకిలు దిగడం రాక, అలాగే పక్కకి ఒరిగిపోతే నలుగురు పట్టుకున్నారు. పొత్తు చేతికిచ్చారు. “నిమ్మకాయ రాయమ్మా, బాగా,” అన్నాడు, ముందుగా.

ఇక దిగుడు. ఎక్కేటప్పుడు గంటలు పట్టినదానికి దిగేటప్పుడు నిమిషాలు. ఇక్కడ ఒళ్ళు హాయిగా ఉంటుంది, చేతులకు మాత్రం పని. బ్రేకు అదే పనిగా నొక్కి పట్టుకుంటే రిమ్ములు కాలిపోతాయి, అందుకని మలుపుకు ముందు గట్టిగా పట్టి, మలుపులో వదిలెయ్యాలి. కళ్ళు మలుపు చివర ఎటు ఉందో అటే ఉండాలి. కళ్ళు లోయలోకి వెళ్తే సైకిలు కూడా అటే వెళ్తుంది. చెవుల్లో గాలి హోరు. కళ్ళల్లోంచి నీళ్ళు.

సుంకరమెట్ట దాటాక పసుపు. వలిసె పూలు. రెండు పక్కలా మెట్ట చేలన్నీ పసుపుపచ్చగా కొండ పాదాల దాకా పరుచుకుని ఉన్నాయి, సగం పూత అయిపోయినా ఇంకా కళ్ళు చెదిరేటంత. నూనె గింజల పంట ఇది, ఫోటోల పంట కూడా అయింది. చేనుకి కంచె, కంచెకి అట్టముక్క, దాని మీద మనిషికింత అని రేటు. కొందరికి ఇది నచ్చలేదు. నాకు బాగానే ఉంది. చేను తొక్కేసి పోయేవాళ్ళ దగ్గర ఆమాత్రం పుచ్చుకోకపోతే రైతు ఏం బావుకుంటాడు.

అరకు చేరేసరికి కొండల వెనక పొద్దు దిగింది. బసలో వేడినీళ్ళు బకెట్ల లెక్కన ఇస్తారట, మనిషికి ఒకటి. బట్టల కొట్టు ఆయన తొడ చూపించి రెండోది సంపాదించాడు. వరండాలో సైకిళ్ళు తలకిందులుగా నిలబెట్టి, ఎర్రదుమ్ము గుడ్డతో తుడుస్తున్నాం. మాస్టారు ఒక్కో సైకిలు దగ్గరికీ వచ్చి బ్రేకు పట్టీలు గోటితో గీరి చూస్తున్నారు. హైదరాబాదు కుర్రాడి దగ్గర ఆగారు. పట్టీలో గాడి కనిపించటం లేదు, అరిగి నున్నబడింది.

“ఇది మార్చు. రేపు పాడేరు దారిలో దిగుళ్ళున్నాయి.”

“పొద్దున మారుద్దాం మాస్టారూ, నిద్రొస్తోంది.”

“ఇప్పుడు,” అని ఆయన నేల మీద చతికిలబడి, సంచిలోంచి అయిదు నంబరు కీ తీసి కుర్రాడి చేతిలో పెట్టారు.